కుడివైపు పై మూల

ఖోర్ ఫక్కాన్
14 సెప్టెంబరు 2007

తమ్ముడు సిలాస్‌కు అక్క లీలాకుమారి రాస్తున్నది,

ఈ ఉత్తరం ఐజక్ అన్న చేపల వ్యాన్‌లో పంపుతున్నాను. ఆయన కల్బా నుంచి దేరా బజారుకి వచ్చినప్పుడల్లా నిన్ను కలుస్తానన్నాడు. జవాబు ఆయన చేతికే ఇవ్వు. కవరుకి టేపు వెయ్యి. ఫోన్ మాత్రం చెయ్యకు. హాస్టల్‌లో షర్మిల మంచం నా మంచానికి ఆనుకుని ఉంటుంది. నేను రాత్రి మాట్లాడిన మాట పొద్దున్నకి నర్సులందరి నోళ్లలో ఉంటుంది.

నీకు ఒక పని తెచ్చాను. మా క్లినిక్‌లో డాక్టర్ సర్వర్ బేగం గారికి కొత్త గది కడుతున్నారు. రంజాన్ పండుగ అయ్యాక తెరుస్తారు. ఆవిడకి ఎక్స్‌రే ఫిల్ములు చూసుకునే లైటు పెట్టె కావాలి. ఫిల్ము దాని మీద పెట్టి వెనక లైటు వేస్తే ఊపిరితిత్తులు, ఎముకలు కనపడతాయి. నువ్వు ఎప్పుడైనా చూసే ఉంటావు. బజారులో దొరికేవి గోడ నుంచి బయటికి పొడుచుకొస్తాయని క్లినిక్ మేనేజరుకి, అదే మా ముదీర్‌కి నచ్చలేదు. గోడలో ఇమిడిపోవాలట. నాలుగు ఫిల్ములు పక్కపక్కన పట్టాలి. గోడలో గూడు లోతు నాలుగు వేళ్లే వచ్చింది. కొలతలు వెనక పేజీలో రాశాను.

మా తమ్ముడు దుబాయ్‌లో లైటు పెట్టెలే చేస్తాడని చెప్పాను. అంతటితో ఆగాల్సింది. ముదీర్ "టెక్నీషియనా?" అన్నాడు. నేను "ఇంజినీరు" అన్నాను. పక్కన మిగతా నర్సులున్నారు. ఒకామె తమ్ముడు డాక్టరు, ఇంకొకామె అన్న బ్యాంకులో. నా నోటికి ఆ మాట వచ్చేసింది.

అందుకని పెట్టె బిగించడానికి వచ్చినప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని రా. నీ గోళ్లలో జిగురు ఉంటుంది, గీకి కడుక్కో. అడిగినదానికే జవాబు చెప్పు. ఇలా రాశానని బాధపడకు.

నీ అక్క
లీల

ఇంటర్నేషనల్ సిటీ, దుబాయ్
21 సెప్టెంబరు 2007

అక్కా,

ఉత్తరం అందింది. వంజరం చేప వాసన కొట్టింది గానీ చదువుకోగలిగాను. బాధేమీ లేదు. ఇంజినీరుగారు పెట్టె చేస్తున్నారు.

నాలుగు వేళ్ల లోతులో ట్యూబులైట్లు పట్టవు, వేడి కూడా. ఈ మధ్య మా రాస్ అల్ ఖోర్ వర్క్‌షాపుకి ఎల్‌ఈడీలు వస్తున్నాయి. గింజంత దీపాలు. దండ గుచ్చినట్టు వైరుకి వరసగా గుచ్చి వస్తాయి. లోపల తెల్ల రంగు కొట్టి, అడుగున వీటిని వరసలుగా అంటించి, పైన పాల రంగు అక్రిలిక్ షీటు మూస్తాం. వినడానికి తేలికే. దీపానికీ దీపానికీ మధ్య దూరం, దీపానికీ షీటుకీ మధ్య ఉన్న లోతు కంటే ఎక్కువైతే షీటు మీద చుక్కలు తేలతాయి. అమ్మవారు పోసినట్టు ఉంటుంది. లోతు తక్కువ కాబట్టి దీపాలు దగ్గర దగ్గరగా వెయ్యాలి.

ఇంకొకటి, తెలుపు అన్నవన్నీ ఒక తెలుపు కావు. ఒక పెట్టెలోవి నీలం తిరిగి ఉంటాయి, ఇంకో పెట్టెలోవి పసుపు తిరిగి ఉంటాయి. నేను ఒక్కొక్క దండనీ తెల్ల కాగితం మీద వెలిగించి, ఒకే రంగువి ఏరి పక్కన పెడుతున్నాను. మా ఉస్తాద్ హిదాయతుల్లా, నిజామాబాద్ ఆయన, వెనక నిలబడి చూసి నవ్వాడు. "ఏంది సిలాస్, పిల్లను జూస్తున్నవా? ఒక్కొక్క దాని మొఖం గింత సేపు జూడవడితివి!" అన్నాడు. ఆసుపత్రికి అని చెప్పాను. "గట్లనా, అయితె మంచిగ జూడు" అని వెళ్లిపోయాడు.

డాక్టరమ్మని ఒక మాట అడుగుదామనుకున్నాను. తర్వాత మానేశాను. ఇంజినీరు అడిగే మాటలా లేదు.

చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను.

సిలాస్

ఖోర్ ఫక్కాన్
20 అక్టోబరు 2007

సిలాసూ,

పెట్టె వెలుగుతూంది. ముదీర్ వచ్చిన ప్రతివాడినీ ఆ గదిలోకి తీసుకెళ్లి తానే స్విచ్ వేసి చూపిస్తున్నాడు. డాక్టరమ్మ కూడా బాగుందంది. మన పేరు నిలబడింది.

కానీ ఒక మాట చెప్పక తప్పదు. నిన్ను డాక్టర్ల గదిలో కూర్చుని తినమన్నారు కదా. నువ్వు వెళ్లి వాచ్‌మన్ పక్కన మెట్ల మీద కూర్చుని రొట్టె తిన్నావు. ముదీర్ నీ విజిటింగ్ కార్డు అడిగితే "కార్డు లేదు సార్, మా ఉస్తాద్‌ని అడగాలి" అన్నావు. ఏ ఇంజినీరుకి ఉస్తాద్ ఉంటాడురా? షర్మిల నవ్వు ఆపుకోలేక ట్రే పట్టుకుని బయటికి పోయింది. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీ మీద కోపం కాదు. అవునో కాదో నాకే సరిగ్గా తెలియదు.

సూరిబాబు గారు వచ్చారు. అదే, కల్బాలో టైల్స్ పని చేసే పాలకొల్లు ఆయన. ఇంట్లో వెంకన్న పటం ఉన్నా శుక్రవారం మన ప్రార్థనకి వస్తారు, తర్వాత పెట్టే పులిహోర కోసమేనని ఆయనే చెప్తారు. ఆయనకి దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రే తీశాం. కొత్త పెట్టె మీద మొదట పెట్టిన ఫిల్ముల్లో ఆయనది ఒకటి. డాక్టరమ్మ చూసి ఏమీ లేదు, టైల్స్ కోసే దుమ్ము అని సిరప్ రాసింది. ఆయన సంతోషం చూడాలి. "మనోడి పెట్లో మన ఊపిరితిత్తులు సూసుకున్నామండీ సిస్టరమ్మగోరూ, ఆయ్! ఇంక భయవేటి!" అని వెయిటింగ్ గదిలో అందరికీ వినపడేలా అన్నారు. పేషెంట్లు నా వంక చూశారు. అప్పుడు మాత్రం నాకు సిగ్గు అనిపించలేదు.

నీ అక్క

ఇంటర్నేషనల్ సిటీ, దుబాయ్
30 నవంబరు 2007

అక్కా,

కార్డు సంగతి నాకు తట్టలేదు. ఉస్తాద్‌ని అడగాలన్నది నిజమే కదా అని అన్నాను. వాచ్‌మన్ మనవైపు వాడు, పిలిచాడు, కూర్చున్నాను. ఇంకోసారి అలా జరగదు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. డ్రాగన్ ఆకారంలో ఉన్న ఆ చైనా బజారు తెలుసు కదా, దాని కొట్ల బోర్డులు చేస్తున్నాం. గాలి ఇటు తిరిగిన రోజు మురుగు నీళ్ల కంపెనీ వాసనకి గదిలో అన్నం సయించడం లేదు.

సూరిబాబు గారు ఐజక్ అన్నతో వ్యాన్‌లో వచ్చారు. ఊరికి ఏవో సామాన్లు కొనాలట. ఇంకా దగ్గుతూనే ఉన్నారు. ఐస్ పెట్టెలకి ఆనుకుని నిలబడి దగ్గుతుంటే ఐజక్ అన్న "సేపలకి జలుబు సేత్తది, ఎనక్కి జరుగు బాబూ" అని ఎగతాళి చేశాడు. మనిషి తగ్గినట్టు కనపడ్డారు. "ఏం లేదని మీ అక్కగోరే సెప్పేరు" అంటున్నారు.

పెట్టెలో నాలుగు ఫిల్ముల చోటా వెలుగు ఒకేలా ఉందా? డాక్టరమ్మ ఎక్కువగా ఏ చోట పెట్టి చూస్తారు? ఊరికే అడుగుతున్నాను.

సిలాస్

ఖోర్ ఫక్కాన్
18 జనవరి 2008

సిలాస్,

నువ్వు ఊరికే అడగలేదు. ఇప్పుడు జవాబు రాస్తున్నాను. డాక్టరమ్మ కుడి చివర పెడుతుంది. ఆమె కుర్చీ అటువైపే ఉంటుంది కాబట్టి ఒక్క ఫిల్ము చూడాలంటే అక్కడే పెడుతుంది.

సూరిబాబు గారు పనిలో ఉండగా నెత్తురు కక్కుకున్నారు. మేస్త్రీ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాడు. క్షయ. ఎడమ ఊపిరితిత్తి పై కొన. విడిగా గదిలో పెట్టారు. మందులిచ్చి, నిలబడగలిగాక ఊరు పంపించేస్తారట. మళ్లీ వీసా ఇవ్వరు. గదిలో ఆయనతో పడుకునే వాళ్లందరికీ పరీక్షలు చేస్తున్నారు.

నేను బీరువాలోంచి ఆయన అక్టోబరు ఫిల్ము తీశాను. ఎదురుగా పెడితే మనిషి ఎడమ మనకి కుడివైపు వస్తుంది, నీకు తెలియదేమోనని రాస్తున్నాను. కిటికీ వెలుతురుకి పట్టుకుని చూశాను. పై కొన దగ్గర మబ్బు మరకలా ఉంది. నర్సునైన నాకే కనపడింది. తర్వాత పెట్టె మీద కుడి చివర పెట్టాను. లేదు. ఆ మూలంతా ఒకటే నలుపు. పక్క చోటికి జరిపాను. ఉంది. మళ్లీ కుడికి జరిపాను. లేదు. అదే ఫిల్ము సిలాస్.

ఆ మూల ఎందుకు అలా ఉంది? నాకు అర్థంకాని సాకులు చెప్పకు. నీకు తెలిసింది చెప్పు.

లీల

ఇంటర్నేషనల్ సిటీ, దుబాయ్
25 జనవరి 2008

అక్కా,

కుడివైపు పై మూలలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. కరెంటుని తగ్గించి ఎల్‌ఈడీలకి ఇచ్చే డబ్బా. అది ఉన్న చోట దీపాలు వెయ్యడానికి చోటుండదు. పైగా దాని నీడ పడుతుంది. మీ గోడలో వైరు అటునుంచి వచ్చింది కాబట్టి అక్కడ పెట్టాను. బోర్డులన్నింటికీ అలాగే ఏదో ఒక మూలలో పెడతాం. బోర్డుకి మధ్యలో పేరుంటుంది, చుట్టూ అంచు ఫ్రేము కప్పేస్తుంది. మూల ఎవరికి కావాలి? నా చెయ్యి అలవాటుగా దాన్ని మూలకి తీసుకెళ్లి బిగించింది.

ఇంతే అయితే తెలియక చేశానని చెప్పేవాణ్ణి. వర్క్‌షాపులో వెలిగించినప్పుడు ఆ మూల మందంగా ఉండడం చూశాను. ఉస్తాద్‌ని పిలిచి చూపించాను. ఆయన పది అడుగులు వెనక్కి వెళ్లి, కళ్లు చికిలించి, "బోర్డును సడక్ మీదికెళ్లి జూస్తరా, ముక్కు ఆనిచ్చి జూస్తరా? ఖలాస్, మూసెయ్" అన్నాడు. ఆయన తప్పు కాదు. నలభై ఏళ్లుగా ఆయన బోర్డులు రోడ్డు మీద నుంచే చూశాడు.

డాక్టరమ్మని అడుగుదామనుకున్న మాట ఇదే. ఫిల్ములో మూలలు కూడా చూస్తారా అని. అడిగితే ఈ మాత్రం తెలియని ఇంజినీరు ఎవడు అనుకుంటారని ఊరుకున్నాను. నువ్వు నన్ను ఇంజినీరన్నావని నీ మీద నెట్టడం లేదు. నేను బోర్డులు చేసేవాణ్ణి సార్, ఎక్స్‌రే పెట్టె ఎప్పుడూ చెయ్యలేదు అని నేనే ముదీర్‌తో అనొచ్చు. ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాక ఆ మాట రాలేదు.

పెట్టె ఇంకా గోడకే ఉందా? దాని మీద ఇంకా చూస్తున్నారా?

సిలాస్

ఖోర్ ఫక్కాన్
1 ఫిబ్రవరి 2008

సిలాస్,

గోడకే ఉంది. రోజూ చూస్తున్నారు. నేను గదిలో ఉన్నప్పుడు ఫిల్ము అందిస్తూ నేనే ఎడమవైపు పెడుతున్నాను. డాక్టరమ్మ దాన్ని తీసి కుడికి పెట్టుకుంటుంది. నా డ్యూటీ లేనప్పుడు ఏం జరుగుతుందో ఆలోచించకుండా పడుకోలేకపోతున్నాను.

వచ్చే శుక్రవారం పొద్దున రా. క్లినిక్ సాయంత్రమే తెరుస్తారు. వాచ్‌మన్‌తో సర్వీసింగ్ అని చెప్పు. ముదీర్‌కి నేను అదే చెప్పాను, కంపెనీ వాళ్లు ఉచితంగా చేస్తారని సంతోషించాడు. బాగుచేసి వెళ్లిపో. ఎవరికీ ఏమీ చెప్పకు. డాక్టరమ్మకి నేను చెప్పను. చెబితే ఈ ఉద్యోగం ఉండదు. ఉద్యోగం పోతే పోయింది, నర్సులు నన్ను చూసే చూపు నేను భరించలేను.

సూరిబాబు గారి దగ్గరికి వెళ్లకు.

లీల

ఇంటర్నేషనల్ సిటీ, దుబాయ్
15 ఫిబ్రవరి 2008

అక్కా,

నువ్వు ఆ రోజు గది గుమ్మం దగ్గరే నిలబడ్డావు, లోపలికి రాలేదు. అందుకని ఏం చేశానో రాస్తున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ తీసి బయట ఫాల్స్ సీలింగ్ మీద పెట్టాను. ఆ మూల దీపాలతో నింపాను. నాలుగు అంచుల వెంట వరసల్ని పెట్టె గోడకి రెండు వేళ్ల దూరానికి జరిపాను. మధ్యలో ఎంత వెడం ఉంటుందో అంచు దగ్గర అందులో సగం ఉండాలి. లేకపోతే అంచుకి పక్క నుంచి వచ్చే వెలుగు ఉండదు. అప్పుడు చెయ్యాల్సిన పని ఇది. తర్వాత గది చీకటి చేసి, కాగితం గొట్టంలా చుట్టి, ఒక్కొక్క మూలనీ గొట్టంలోంచి చూశాను. చుట్టూ వెలుగు కనపడకపోతే కంటికి తేడా తెలుస్తుంది. ఇప్పుడు తేడా లేదు.

నువ్వు వద్దన్న పని చేశాను. తిరిగి వెళ్తూ ఐజక్ అన్నని ఆసుపత్రి దగ్గర ఆపమన్నాను. సూరిబాబు గారిని చూశాను. మూతికి గుడ్డ కట్టి లోపలికి పంపారు. మంచంలో సగమే ఉన్నారు. పెట్టె సంగతంతా చెప్పాను. మూల సంగతి, ఉస్తాద్ సంగతి, నేను అడగకుండా ఊరుకున్న సంగతి. తిడతారని సిద్ధపడి వెళ్లాను.

ఆయన కాసేపు పైకప్పు చూసి నవ్వారు. "ఓరి పిచ్చోడా, అక్టోబర్లోనే కనపడుంటే అక్టోబర్లోనే ఇమానం ఎక్కించేద్దురు కదరా. నీ పెట్టె దయ వల్ల ఇంటికి స్లాబు పడింది. మొన్నే పోసేరంట. నువ్వు నాకు మేలే సేసేవు" అన్నారు. నా చెయ్యి పట్టుకోబోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకున్నారు. "మీ అక్కగోరికి సెప్పు, నాకేం కోపం లేదని" అన్నారు.

అక్కా, ఆయన తిట్టి ఉంటే ఇంటికొచ్చి అన్నం తినేవాణ్ణి. గదిలో వాళ్లు ఎవరూ చూడడానికి రావడం లేదని కూడా చెప్పారు, నవ్వుతూనే. ఒకడి పరీక్ష బాగాలేదట. వాడు కూడా స్లాబు పోయించుకుంటున్నాడో లేదో నేను అడగలేదు.

పెట్టె బాగైంది. అక్టోబరు నుంచి దాని మీద చూసినవి మాత్రం అలాగే ఉన్నాయి. ఆ మాట చెప్పగలిగేది నువ్వే. నేను ముదీర్‌కి రాద్దామంటే నా పేరు మీద అక్కడ ఉన్నది ఇంజినీరు.

సిలాస్

ఖోర్ ఫక్కాన్
7 మార్చి 2008

సిలాసూ,

నీ ఉత్తరం చాలా రోజులు దిండు గలీబులో పెట్టుకుని పడుకున్నాను. నీతో చెప్పనిది ఒకటి ఉంది. బిగించిన రోజు నువ్వు సామాన్లు సర్దుకుంటుండగా ముదీర్ స్విచ్ వేశాడు చూడు, అప్పుడే ఆ మూల నేను చూశాను. ముదీర్ చప్పట్లు కొడుతున్నాడు. షర్మిల నా పక్కనే ఉంది. ఆ మూల మసకగా ఉందేమిటి అంటే నా తమ్ముడి పని బాగాలేదని నేనే చెప్పినట్టు. నోరు మూసుకున్నాను. నిన్ను అంత కఠినంగా అడిగిన ఉత్తరం రాస్తున్నప్పుడు కూడా ఇది నాకు గుర్తుంది.

సోమవారం పేషెంట్లు అయిపోయాక డాక్టరమ్మ గదిలోకి వెళ్లి తలుపు వేశాను. సూరిబాబు గారి ఫిల్ము బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. "కబ్ సే మాలూమ్ హై?" అంది. మొదటి రోజు నుంచి అన్నాను. చేసింది ఇంజినీరు కాదని, బోర్డులు చేసే మా తమ్ముడని కూడా చెప్పాను.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తర్వాత హిందీలో అన్నది తెలుగులో రాస్తున్నాను. "ఆ మూల నాకూ కనపడలేదు సిస్టర్. నా కళ్లే పోతున్నాయనుకున్నాను. దేరాలో ఎవరికీ తెలియకుండా కళ్లజోడు కూడా మార్పించాను. ముదీర్‌కి తెలిస్తే ముసలిదాన్ని మారుస్తాడని చెప్పలేదు."

ముగ్గురం చూశాం సిలాసూ. ముగ్గురం ఎవరికి వాళ్లం దాచుకున్నాం.

ముదీర్‌కి ఆవిడే చెప్పింది. ఏం చెప్పిందో నాకు తెలియదు, నా ఉద్యోగం ఈ నెలాఖరు దాకా ఉందని మాత్రం ఆయన చెప్పాడు. తర్వాత సంగతి తర్వాతట. నర్సులకి అంతా తెలిసింది. షర్మిల నవ్వలేదు. మధ్యాహ్నాలు నాతో కూర్చుని ఫిల్ములు తీసి అందిస్తూంది. డాక్టరమ్మ అక్టోబరు నుంచి తీసిన ఛాతీ ఫిల్ములన్నీ మళ్లీ చూసింది.

రెండు దొరికాయి. ఒకతను శ్రీలంక వాడు, డిసెంబరులో వెళ్లిపోయాడు, ఇచ్చిన నంబరు మోగడం లేదు. రెండోది అచ్చాయమ్మ. కల్బాలో అరబ్బీ ఇంట్లో పని చేస్తుంది, మన మొగల్తూరు వైపు మనిషి. ఇల్లు ఐజక్ అన్నకి తెలుసు. ఫోన్ చేస్తే మేడమ్ ఎత్తుతుంది. విషయం వింటే ఆ గంటలోనే గేటు బయట పెడుతుంది. అందుకని డాక్టరమ్మ రాసిచ్చిన కళ్లె పరీక్ష చీటీ తీసుకుని నేనే వెళ్తున్నాను. పరీక్షలో ఉందని తేలితే ఆమెనీ పంపించేస్తారు. ఆమెకి ఏ మాటతో మొదలు పెట్టాలో తెలియడం లేదు.

నీ అక్క

ఇంటర్నేషనల్ సిటీ, దుబాయ్
9 మార్చి 2008

అక్కా,

ఐజక్ అన్న ఇవాళే తిరిగి వెళ్తున్నాడు, అందుకని నాలుగు ముక్కలు.

నువ్వు చూశావన్న సంగతి చదివి కోపం రాలేదు. కొంచెం బరువు తగ్గినట్టు అనిపించింది. అలా అనిపించినందుకు మళ్లీ సిగ్గేసింది.

నేనూ వస్తాను. గేటు బయట వ్యాన్‌లో కూర్చుంటాను. ఆమె తిట్టాలనుకుంటే ఎదురుగా ఒక మనిషి ఉండాలి కదా. పనిబట్టలతోనే వస్తాను.

సిలాస్

ఖోర్ ఫక్కాన్
14 మార్చి 2008

సిలాసూ,

నీ ఉత్తరం తెచ్చిన వ్యాన్‌లోనే కల్బా వెళ్లాను. నువ్వు వచ్చేదాకా ఆగితే ధైర్యం ఉంటుందో ఉండదో అనిపించింది. ఐజక్ అన్న సందు మొదట్లో దింపాడు. చేపల వాసన వస్తే మేడమ్ గేటు తియ్యనివ్వదట.

అచ్చాయమ్మే గేటు తీసింది. చంకలో మేడమ్ గారి పాప. ఏడాది కూడా నిండి ఉండదు. పాప ఆమె తలగుడ్డ కొస నోట్లో పెట్టుకుని చీకుతూంది. నా యూనిఫాం చూసి "ఏంటండీ సిస్టరమ్మా, ఇంత దూరం వొచ్చేరు! లోపలికి రమ్మనడానికి నా ఇల్లు కాదు" అని నవ్వింది.

చెప్పాను. ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. ఆమె వింటూనే పాపని ఇటు చంక నుంచి అటు చంకకి మార్చుకుంది.

"నాకు దగ్గే లేదు కదండీ. పాపని సూసేవోళ్లకి తీయించాలని మేడమే తీయించేరు. ఏం లేదని తవరే కాయితం ఇచ్చేరు."

"అప్పుడు కనపడలేదమ్మా. మా పెట్టెలో లోపం ఉంది. తప్పు మాదే."

"కనపడలేదు కదా?"

"అప్పుడు కనపడలేదు."

"మొదటిసారి కనపడనట్టే రెండోసారీ కనపడలేదనుకోండమ్మా. తవరు రాలేదు, నేను గేటు తియ్యలేదు. మీ కాళ్లకి దండమెడతాను. మా ఆయన పోయేక ఈ కొలువే నా ఇల్లు. ఎల్లిపోండి."

గొంతు పెంచలేదు. లోపల మేడమ్ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నది వినపడుతూంది. నేను చీటీ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నిజం చెప్తున్నాను, వెళ్లిపోదామని ఒక అడుగు వెనక్కి వేశాను. ఆమె అడిగింది నేను అప్పటికే ఒకసారి చేసిన పనే.

అప్పుడు పాప ఆమె బుగ్గ మీద అరచేత్తో కొట్టి, వేళ్లు ఆమె నోట్లో పెట్టింది. ఆ వేళ్లు తీసుకుని తన నోట్లో పెట్టుకుంది. అచ్చాయమ్మ అలవాటుగా నవ్వింది. నేను పాప వంక చూడడం ఆమె చూసింది.

"పాపని కిందికి దించమ్మా" అన్నాను.

ఆమె ముఖంలో నవ్వు అలాగే ఉండి మెల్లగా పోయింది. తల పక్కకి తిప్పుకుంది. ఊపిరి బిగబట్టుకుని వంగి, పాపని అరుగు మీద కూర్చోబెట్టి, గోడ దాకా వెనక్కి జరిగింది. పాప రెండు చేతులూ చాచి ఏడుపు మొదలుపెట్టింది. అచ్చాయమ్మ తలగుడ్డ కొస మూతికి అడ్డం పెట్టుకుని నిలబడింది. చేతులు ముందుకి వచ్చాయి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఎత్తుకోలేదు.

పాపని నేను ఎత్తుకున్నాను. కొత్త మనిషినని ఇంకా గట్టిగా ఏడ్చింది. ఏడుపు విని మేడమ్ బయటికి వచ్చేదాకా మేమిద్దరం అలాగే ఉన్నాం. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

నీ అక్క
లీల